ఎడమచేతి సాధన

మన పత్రికను చదువు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును హార్మోనియము క్రొత్త వస్తువు కాదు. ఆరాధనలో కీర్తనకును, నాటకములో పద్యమునకును, భజనలో పాటకును అదియే తోడు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో సంగీతముపై కొంచెము మక్కువ గలవారి యింట పాత హార్మోనియము పెట్టె యొకటి యుండుట వింత కాదు. పియానో సంగతి వేఱు. దానిని చలనచిత్రములలో చూచినవారే గాని తాకినవారు మా యెఱుకలో మిక్కిలి కొలది. నలువదియైదవ యేట వఱకు మేమును ఆ చూచినవారిలోనివారమే. ఆ వయస్సున, గురువు లేకయే, ఒక కష్టమైన పియానో రచనను నేర్చుకొనవలెనని పూనుకొని పదునాలుగు నెలలు గడపితిమి. ఆ కాలములో మాకు తెలిసివచ్చిన సంగతులను, వానికంటె ముఖ్యముగా మేము చేసిన తప్పులను, ఇచ్చట వివరింతుము.

ముందుగా ఈ రెండు వాద్యములకు గల భేదమును చెప్పవలెను. హార్మోనియములో తిత్తినుండి వచ్చు గాలి ఇత్తడి రీడును కదల్చి నాదమును పుట్టించును. మెట్టుపై వ్రేలును, తిత్తిలో గాలియు నున్నంతసేపు స్వరము సాగుచునేయుండును. మెట్టును మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను నాదములో భేదము కనబడదు. పియానోలో మెట్టు నొక్కగానే ఉన్నిగుడ్డ తొడిగిన చిన్న సుత్తి యొకటి లోపల లేచి, తీగను కొట్టి, వెంటనే వెనుకకు పడును. మెల్లగా నొక్కిన మెత్తని నాదము, విసురుగా నొక్కిన గట్టి నాదము వచ్చును. కొట్టిన క్షణమునుండియే ఆ నాదము తగ్గిపోవుచుండును. ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరమున బర్తొలొమియో క్రిస్టోఫోరి యను పనివాడు 1700 ప్రాంతమున ఈ సుత్తి యంత్రమును కల్పించెను. నేటి పియానోలో 88 మెట్లుండును. వానిలో తెల్లనివి 52, నల్లనివి 36.

మేము కొన్నది అంత గొప్ప వాద్యము కాదు. హైదరాబాదులో నొకరు వాడి విడిచిన, 61 మెట్ల విద్యుత్ కీబోర్డును కొని, దుప్పటిలో చుట్టి, గద్వాల బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చితిమి. గట్టిగా నొక్కిన గట్టిగాను, మెల్లగా నొక్కిన మెల్లగాను పలుకునట్టిది దొరకుట మా భాగ్యము. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, ఇంటివారు నిద్రించిన పిమ్మట అరగంటసేపు వాయించుట మా నియమము. పగటి ఉద్యోగము గలవారికి ఇంతకంటె వీలు లేదు.

ఇరువది సంవత్సరములుగా హార్మోనియము వాయించినవారము గదా, మెట్లు ఒక్కటే గదా, పియానో మాకు సగము వచ్చినట్లే యని తలంచితిమి. మొదటి రాత్రియే ఆ తలంపు తొలగిపోయెను. కుడిచేయి బాగుగనే నడచెను. ఎడమచేయి మాత్రము మెట్లపై నుంచగానే మణికట్టు వద్ద ముందునకు వెనుకకు ఊగసాగెను! అది తిత్తిని వెదకుచుండెను. ఇరువది యేండ్లలో ఆ చేతికి మేము నేర్పిన విద్య అదియొక్కటే. దాని వ్రేళ్లు అయిదును ఒక్క చెక్కను పట్టుకొని త్రోయుటకే యలవాటుపడినవి. ఒక్కొక్క వ్రేలు వేఱువేఱుగా పలుకవలెనని వానికి తెలియదు.

ఇది మా యొక్కరి లోపము కాదు, వాద్యపు చరిత్రలోనే యున్నది. 1840 ప్రాంతమున పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ రూపొందించిన హార్మోనియము కుర్చీపై కూర్చుండి పాదములతో తిత్తి త్రొక్కునట్టిది. దానిపై రెండు చేతులును స్వేచ్ఛగా నుండెడివి. మన దేశమున గాయకులు నేలపై కూర్చుండి పాడుదురు. వారికి తగినట్లు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేతితో తిత్తి వేయు చిన్న పెట్టెను చేసెను. పెట్టె తేలికయయ్యెను, వెల తగ్గెను, పల్లెపల్లెకును పోయెను. కాని ఒక చేయి గాలికి అంకితమైపోయెను. మన సంగీతమునకు దానివలన పెద్ద నష్టము కలుగలేదు. ఏలయన, మన పాట ఒక్క ధారగా నడచునది. రాగమును నడపుటకు ఒక చేయి చాలును. (మన గమకములు దానిపై పలుకవన్న నింద వేఱు. ఆ కారణముననే అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును తన కార్యక్రమములనుండి తొలగించి, 1971 వఱకు మఱల రానీయలేదు. పియానో స్వరములును అట్లే కదలనివి గనుక ఆ నింద దానికిని తగులును.)

నాగరుకర్నూలులో రంగస్థల పద్యములకు కాలి హార్మోనియము వాయించిన ఒక వృద్ధుని కలిసికొంటిమి. ఆయనకు రెండు చేతులును మెట్లపై నుండును గదా, ఎడమచేతి మర్మము చెప్పునేమో యని ఆశించితిమి. ఆయన నవ్వి, "బాబూ, నా ఎడమచేయి కుడిచేతికి నీడ. కుడిచేయి పైస్థాయిలో పట్టిన స్వరమునే అది క్రిందిస్థాయిలో పట్టును. నీడకు సొంత నడక యుండునా?" అనెను. ఆ మాటతో మా కష్టమునకు పేరు దొరకినట్లయ్యెను. పియానోపై ఎడమచేతికి సొంత నడక కావలెను.

మేము నేర్వ నెంచిన రచన జర్మనీదేశపు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) వ్రాసిన మొదటి ఇన్వెన్షను. ఇన్వెన్షనులు మొత్తము 15. ఆయన తన పెద్దకుమారుడగు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ చదువుకొఱకు 1720లో ప్రారంభించిన పాఠపుస్తకములో వీని తొలిరూపములు కలవు. అప్పటికి ఆ బాలుని వయస్సు తొమ్మిది. 1723లో వీనిని చక్కగా తిరుగవ్రాసి, వాద్యముపై ప్రేమగలవారికిని నేర్వగోరువారికిని రెండు ధారలను శుభ్రముగా వాయించు మార్గమును, అన్నిటికంటె ముఖ్యముగా పాడినట్లు వాయించు పద్ధతిని చూపుటకే ఇవి వ్రాసితినని మొదటి పుటలో తెలిపెను. పండితులకే కాక ప్రేమగలవారికి కూడ అన్నందున మాకు ధైర్యము కలిగెను. తొమ్మిదేండ్ల బాలుని పాఠమని తెలిసినప్పుడు ఆ ధైర్యము కొంత తగ్గిన మాటయు నిజమే. పియానో ఇంకను వ్యాపింపని దినములలో, అంతకు ముందున్న తీగమెట్ల వాద్యములకై వ్రాయబడినది గాన దీనికి నాలుగు స్థాయిల మెట్లు చాలును. మా 61 మెట్లు మిగులును.

రచన మొత్తము 22 గడులు, గడికి నాలుగు లెక్కలు. వచ్చినవారు వాయించిన ఒకటిన్నర నిమిషమునకు మించదు. స్వరములు మన ధీరశంకరాభరణపు స్వరములే, నడుమ కొన్నిచోట్ల మాఱుచుండును. ఆరంభము 'స రి గ మ రి గ స ప' యని మన పిల్లలు పాడదగినంత తేలిక. కుడిచేయి ఆ మాట పలికి, పైస్థాయి షడ్జమమును తాకి నిలుచునప్పుడు, ఎడమచేయి క్రిందిస్థాయిలో అదే మాటను మొదలుపెట్టును. రెండవ గడిలో అదే మాట పంచమమునుండి పుట్టును. మూడవ గడిలో తలక్రిందై, 'ద ప మ గ ప మ ద ప' యని దిగివచ్చును. ఏడవ గడిలో ఎడమచేయి ముందు నడచును, కుడిచేయి వెంబడించును. ఇట్లు ఎనిమిది స్వరముల చిన్న మాటను ఇరువురు మాటలాడుకొనుచున్నట్లు త్రిప్పి త్రిప్పి పలికించుటయే ఈ రచన. ఒక్కొక్క చేతిది విడిగా చూచినచో గొప్ప కష్టము లేదు. రెండును కలిసినచోటనే చిక్కు.

మొదటి రెండు నెలలు మేము చేసిన తప్పును దాచము. టెలిఫోనులో గొప్పవారి వాద్యము విని, ఆ వేగముననే రెండు చేతులను తోలితిమి. పడినచోటనుండి లేచి మఱల మొదటికి పోయి, మఱల అచ్చటనే పడుచుంటిమి. మొదటి నాలుగు గడులు ప్రతిరాత్రియు ఇరువదిసార్లు నడచెను. మిగిలినవి ఒక్కసారియు నడువలేదు. పైగా తప్పిన వ్రేలు ప్రతిసారియు అదే విధముగా తప్పుచుండెను. గురువున్నచో మొదటిదినముననే చేయి పట్టుకొని ఆపెడివాడు. గురువు లేనివానికి తన తప్పే పాఠమగును. వ్రేళ్లకు ఒప్పు తప్పులు తెలియవు, మనము ఎన్నిసార్లు చేయింతుమో దానినే అవి నేర్చుకొనును. మూడవ నెలలో ఎడమ ముంజేతిలో నొప్పి పుట్టెను. పట్టుదల యనుకొని మఱి పదిదినములు వాయించితిమి. ఒక ఉదయము నీళ్లచెంబు ఎత్తలేకపోతిమి.

అప్పుడు నిజముగా భయము కలిగెను. జర్మనీదేశపు రాబర్టు షూమాను యౌవనమున పియానో వాదకుడు కావలెనని శ్రమించుచు, వ్రేళ్లను బలపఱచుటకు ఒక యంత్రసాధనమును కూడ వాడెను. 1832 ప్రాంతమున ఆయన కుడిచేయి చెడి, వాదకుడగు ఆశ విడువవలసి వచ్చెను. ఆ చేయి చెడుటకు కారణమేమో పండితులు నేటికిని వాదించుచున్నారు. ఆయన గొప్ప రచయిత యయ్యెను గాని, మాకు ఆ దారి లేదు. నల్లబల్లపై వ్రాయుటకును, బిడ్డను ఎత్తుకొనుటకును చేయి కావలెను. మూడువారములు కీబోర్డుపై గుడ్డ కప్పి యుంచితిమి. వైద్యుడు చూచి, ఎముక చెడలేదనియు, బిగపట్టుటచేత కండరము అలసినదనియు చెప్పెను. సంగతి విచారింపగా, బలహీనమైన ఉంగరపువ్రేలిని దింపుటకు మేము భుజమునుండి మణికట్టు వఱకు బిగించుచుంటిమి. సాధన చేయు విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను: అలసట వేఱు, నొప్పి వేఱు. నొప్పి వచ్చిన దినమున ఆపవలసినదే.

ఆ మూడువారములలో చేయి ఊరకున్నను నోరు ఊరకుండలేదు. ఎడమచేతి ధారను స్వరములుగా వ్రాసుకొని పాడసాగితిమి. ఇదియే మాకు దొరకిన మొదటి తాళపుచెవి. అంతవఱకు ఆ ధార మాకు వినబడనేలేదు. కుడిచేతి పాట క్రింద నెక్కడనో పడియున్న సవ్వడిగా తోచెడిది. శ్రుతియు పాటయు తప్ప మూడవది వినుట మన చెవికి అలవాటు లేదు. రెండు పాటలు ఒక్కసారి నడచినచో పైదానినే పట్టుకొని క్రిందిదానిని విడిచిపెట్టును. ఎడమచేతి ధారను నోటితో పాడగా పాడగా అదియు పాటయే యని తెలిసెను. పిమ్మట దానిని పాడుచు కుడిచేతిదానిని వాయించితిమి. ఆ మీద దీనిని పాడుచు దానిని వాయించితిమి. ఎంత సులభముగా కనబడునో అంత కష్టము. నాలుగు గడులకు ఒక నెల పట్టెను. కాని ఆ నెల తరువాత ఎడమచేయి తిత్తిని వెదకుట మానెను.

రెండవ సంగతి వేగము. దీనికి మన పెద్దల పద్ధతియే పనికివచ్చెను. సరళీవరుసలు నేర్చినవారు మూడు కాలములు ఎఱుగుదురు. తాళము ఒక్కటిగనే నడచుచుండగా మొదటి కాలమున దెబ్బకు ఒక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు పలుకుదురు. బాఖ్ వ్రాసిన రచనలో లెక్కకు నాలుగేసి స్వరములు గలవు. అనగా పుస్తకములో నున్నది మూడవ కాలము! మేము మొదటి రెండు కాలములు విడిచి మూడవదానిలో దూకితిమి. సరళీవరుసలలో ఏ బాలుడైన ఇట్లు చేసినచో గురువు చెవి మెలిపెట్టును. మెట్రోనోమును నిమిషమునకు 40 దెబ్బలకు పెట్టి, దెబ్బకొక స్వరము చొప్పున మొదలుపెట్టితిమి. కాలము రెట్టింపగునప్పుడు మాత్రము మన పద్ధతిలో ఎత్తు ఎక్కువ. రెండవ కాలమునుండి మూడవదానికి ఒక్కసారి ఎక్కలేకపోతిమి. మెట్రోనోమును 40కంటె తగ్గించి ఎక్కి, పిమ్మట రెండేసి దెబ్బలు పెంచుకొనుచు పోతిమి. మూడుసార్లు తప్పులేక నడచినగాని పెంచరాదని నియమము పెట్టుకొంటిమి. అప్పుడప్పుడు ఈ నియమమును మీఱితిమి. మీఱిన ప్రతిసారియు వారము వెనుకకు పోతిమి.

వ్రేళ్ల విషయము కూడ చెప్పవలెను. మా ప్రాంతపు హార్మోనియము వాదకులలో చూపుడు, నడిమి, ఉంగరపువ్రేళ్లతోనే పని జరుపుకొని, బొటనవ్రేలిని మెట్ల అంచున వ్రేలాడనిచ్చువారు పెక్కుమంది. మేమును అంతే. ఇది మన నాటి దోషమే యనుకొంటిమి. కాని బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ 1753లో ప్రకటించిన వాద్యశాస్త్ర గ్రంథములో ఒక ముచ్చట కలదు. తన తండ్రి యౌవనమున విన్న గొప్ప వాదకులు సయితము దూరపు మెట్లు అందుకొనవలసినప్పుడు తప్ప బొటనవ్రేలిని వాడెడివారు కారట. ఆ వ్రేలిని తక్కిన వ్రేళ్ల క్రిందుగా దాటించి పంక్తిని పొడిగించుట తరువాత స్థిరపడిన పద్ధతి. 'స రి గ మ' వఱకు వచ్చి చేతిని ఎత్తి ముందుకు వేసినచో ధార తెగును; బొటనవ్రేలు క్రిందుగా దూరినచో తెగదు. ప్రతి స్వరముపైనను ఏ వ్రేలో పెన్సిలుతో అంకె వేసి, ఒక్కసారి వేసిన అంకెను మార్చకుండ సాధించితిమి.

నిద్రవలన కలుగు మేలును మేము మొదట నమ్మలేదు. రాత్రి ఎంత పెనగినను రాని రెండు గడులు మఱునాడు మొదటి ప్రయత్నముననే వచ్చుచుండెను. 2002లో అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో మాథ్యూ వాకర్ మొదలగువారు దీనిని పరీక్షించిరి. కుడిచేతివాటము గలవారిచేత ఎడమచేతి వ్రేళ్లతో అయిదు నొక్కుల వరుస నొకదానిని సాధన చేయించిరి. పగలు మేలుకొని గడపినవారికి వేగము పెద్దగా పెరుగలేదు. ఒక రాత్రి నిద్రించినవారికి, మఱల సాధన లేకయే, ఇంచుమించు నూటికి ఇరువది వంతులు పెరిగెను. పరీక్షల ముందు రాత్రి తెల్లవార్లు చదువు విద్యార్థులు ఈ సంగతిని తమకు తోచినట్లు అన్వయించుకొనవచ్చును.

పదవ నెలలో, మా గొప్ప చూపుకొనుటకే యని చెప్పుట న్యాయము, కొందఱు విద్యార్థులను పిలిచి వాయించి చూపితిమి. ఆరు గడులు చక్కగా నడచెను. ఎడమచేయి ముందు నడువవలసిన ఏడవ గడిలో ఆగిపోతిమి. మఱల మొదలుపెట్టితిమి, మఱల అచ్చటనే ఆగితిమి. పెద్దవారు మర్యాదకు చప్పట్లు కొట్టిరి. ఎనిమిదవ తరగతి బాలుడు మాత్రము దగ్గఱకు వచ్చి, "సార్, మీ ఎడమచేయి కుడిచేతి మొగము చూచుచున్నదండీ" అనెను. ఇంటికి వచ్చి టెలిఫోనులో పట్టుకొన్న వాద్యమును వింటిమి. బాలుడు చెప్పినది నిజము. మొదటినుండి చివరివఱకు ఎడమచేతి స్వరము ప్రతిదియు వెండ్రుకవాసి ఆలస్యముగా, కుడిచేయి పలికినదా లేదా యని కనుగొన్న పిమ్మటనే దిగుచుండెను. వాయించునప్పుడు మాకు అది వినబడలేదు. అప్పటినుండి వారమునకు ఒకసారియైన మా వాద్యమును పట్టి వినుచున్నాము. సుఖమైన పని కాదు.

గద్వాలలో చీరల మగ్గము వద్ద కూర్చుండి చూచిన ఒక మధ్యాహ్నము మాకు ఈ చిక్కును విప్పెను. గద్వాల చీర నడుము నూలు, అంచు పట్టు. నడిమి పేకకు ఒక నాడె, అంచు పేకకు వేఱొక నాడె. రెండు పేకలును కలియుచోట ఒకదానినొకటి చుట్టుకొనవలెను. ఒక నాడె రెండవదానికై వేచియుండదు, దానిని దాటియు పోదు. పలక దెబ్బ రెండింటికిని ఒక్కటే. నేతగాడు ఏ నాడెను చూచుచున్నాడని గమనింపగా, అతడు నాడెలను చూడనేలేదు, దెబ్బనే వినుచుండెను. మేము ఇంటికి వచ్చి, కుడిచేతిని వినుట మాని, పాదముతో తాళము వేయుచు, రెండు చేతులను తాళమునకే అప్పగించితిమి. సాధనను కూడ చివరినుండి వెనుకకు చేయసాగితిమి: మొదట 21, 22 గడులు, పిమ్మట 19, 20 గడులు, ఇట్లు. ముందుకు పోవుకొలది తెలిసినచోటికే చేరుచుందుము గాన మునుపటి బెదురు తగ్గెను.

ఏడవ గడి ఇప్పుడు నడచుచున్నది. 15వ గడినుండి 18వ గడి వఱకు వేఱొక కష్టము కలదు. అచ్చట ఒక చేయి ఒక స్వరమును పట్టి నిలుపుచుండగా రెండవది ఆ మాటను పలుకును. వెంటనే పాత్రలు మాఱును. హార్మోనియముపై నైనచో నిలిపిన స్వరము గాలితో నిండుగా నుండును. ఇచ్చట అది కరగిపోవుచుండును గాన, లేని నాదమును మనస్సులో పట్టుకొని యుండవలెను. రాత్రి హెడ్‌ఫోనులలో ఆ స్వరము సన్నబడి సన్నబడి, రెండవచేయి మాట ముగియువేళకు మిగిలిన కొంచెము నాదము వినబడినప్పుడు, పదునాలుగు నెలల శ్రమ మాకు జ్ఞప్తికి రాదు. ఈ వ్యాసము వ్రాయునాటికి మెట్రోనోము 66 దెబ్బల వద్ద నున్నది. 18వ గడిలో ఎడమచేతి ఉంగరపువ్రేలు ఇంకను ఆలస్యముగనే దిగుచున్నది.